మొవ్వు వాడిన మొదటి మొక్క



తెలుగునాట సేద్యముతో ఏ కొంచెము పరిచయమున్న ఇంటనైనను మొవ్వు అను మాట తెలియనివారుండరు. తాటిచెట్టు తలలో, మట్టల నడుమ, తెల్లగా, లేతగా దాగియుండునది మొవ్వు. వేరుసెనగ మొక్క కొసను ఇంకను విచ్చుకొనని చిట్టియాకుల ముడి మొవ్వు. వరిదుబ్బు నడిమినుండి ఈటెవలె పైకి వచ్చు లేతయాకు మొవ్వు. మొక్కకు రేపు అనునది ఏదైనను ఉన్నచో అది ఆ బెత్తెడు చోటనే ఇమిడియున్నది. అందుచేతనే, వేకువను గట్టువెంట నడచిపోవుచున్న రైతునకు ఎక్కడనైన ఒక మొక్క మొవ్వు వాడియుండుట కనబడెనా, అతని అడుగు తనంతట తానే నిలిచిపోవును. అతడు వంగి ఆ మొక్కను తాకును, ఆకు త్రిప్పి అడుగుభాగము చూచును, పెరికి వేరు పరీక్షించును, ప్రక్కసాళ్ళవంక కలయజూచును. తండ్రితాతలనాటినుండి తనకు సంక్రమించిన తెగుళ్ళ పట్టికనంతయు మనస్సున ఒకమారు తిరుగవేసికొని, తుదకు, “ఇది తిక్క తెగులు కాదు, వేరుకుళ్ళు కాదు, ఇట్టిది నేనెన్నడును చూచి యెరుగను” అని తనలో తాననుకొనును.

నేను నేడు మీకు మనవి చేయదలచిన విషయమంతయు రైతు అనుకొనిన ఆ మాటలోనే యున్నది. పైరులకు క్రొత్తగా దాపురించు తెగుళ్ళను కనిపెట్టుట యొకటి, గుర్తించుట మఱియొకటి. కనిపెట్టుట యనగా, ఇది మునుపటిది కాదని పసిగట్టుట. అది చేనిలో, నిత్యము పైరును చూచు కంటికి మాత్రమే సాధ్యమైన పని. గుర్తించుట యనగా, ఆ తెగులునకు కారణమైన జీవి యేదో, అది ఎచ్చటినుండి వచ్చి, ఏ వాహనమెక్కి, ఏ ద్వారమున మొక్కలో ప్రవేశించినదో నిర్ధారణ చేయుట. అది శాస్త్రజ్ఞుని పని. ఈ రెంటికిని నడుమ గడచు దినములలోనే పంట చేజారిపోవును. ఆ దినములను తగ్గించుకొనుట యెట్లు? ఇదియే నా ప్రసంగవిషయము.

మొట్టమొదట ఒక చిక్కును చెప్పవలసియున్నది. మొక్క తన బాధను తెలుపుటకు కలిగియున్న భాష మిక్కిలి చిన్నది. ఆకు పసుపువన్నె తిరుగును, మచ్చలు పడును, ముడుచుకొనును, వడలును, ఎండును. దానికి తెలిసిన మాటలు ఇంచుమించుగా ఇవియే. నత్రజని చాలకపోయినను ఆకు పసుపుబారును. సున్నపునేలలో ఇనుము అందకపోయినను లేతయాకులు పసుపుబారును. వేళ్ళకడ నీరు నిలిచినను, నులిపురుగులు వేళ్ళను పట్టినను, కంటికి కనరాని వైరస్ కణజాలమును చొచ్చినను, పైకి కానవచ్చునది ఆ పసుపువన్నెయే. చిహ్నమును చూచి తెగులును నిర్ణయింపబోవుట, తలుపు తట్టిన చప్పుడును విని వచ్చినవాని పేరు చెప్పబోవుట వంటిది. చిరపరిచితుడైనచో చెప్పగలము, క్రొత్తవాడైనచో పొరపడుదుము. ఆ పొరపాటునకు రైతు చెల్లించు మూల్యము కొలదిది కాదు. శిలీంధ్రమునకు పనిచేయు మందులలో పెక్కు బాక్టీరియాకు పనిచేయవు. మొక్కలోపల ప్రవేశించిన వైరస్‌ను చంపు మందు రైతునకు ఏ అంగడియందును దొరకదు. ఐనను, మచ్చ కనబడిన మరునాడే అప్పుచేసి తెచ్చి చల్లిన మందులెన్ని బూడిదలో పోసిన పన్నీరైనవో మన పల్లెలకు తెలియనిది కాదు.

పైరుల తెగుళ్ళకు కారణములున్నవనియు, ఆ కారణములు సజీవములనియు లోకము నమ్ముటకే చాలకాలము పట్టినది. 1845వ సంవత్సరమున ఐర్లండు దేశమున బంగాళదుంప చేలు కొలదిదినములలోనే నల్లబడి, దుంపలు నేలలోనే కుళ్ళిపోయెను. తరువాతి యేండ్లలో వచ్చిన కరవున ఇంచుమించుగా పదిలక్షలమంది మరణించిరి. అంతకు తక్కువకాని సంఖ్యలో జనులు ఓడలెక్కి దేశాంతరము పోయిరి. ఆ కుళ్ళిన ఆకుల అడుగున తెల్లని బూజు కనబడుచునేయుండెను. కాని ఆనాటి పండితులలో పెక్కుమంది, అతివృష్టిచేత మొక్క నీరుపట్టి చెడినదనియు, చెడిన దానిమీద బూజు పట్టుట సహజమనియు, అది ఫలమే కాని కారణము కాదనియు వాదించిరి. ఇంగ్లండునందొక చిన్నగ్రామమున మతాచార్యుడైన మైల్స్ జోసెఫ్ బెర్క్‌లీ మాత్రము, సూక్ష్మదర్శినిలో ఓపికతో చూచి, ఆ బూజే తెగులునకు కారణమని 1846లో ప్రకటించెను. ఆయన మాట నిజమని జర్మనుశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ, ఆరోగ్యముగానున్న మొక్కలకు ఆ బూజును సోకించి ప్రయోగపూర్వకముగా నిరూపించుట 1861లో జరిగినది. కనిపెట్టుటకును గుర్తించుటకును నడుమ పదునారేండ్లు! ఆ శిలీంధ్రసదృశమైన జీవికి డి బారీ తరువాత ఫైటాఫ్తరా అని పేరు పెట్టెను. ఆ గ్రీకుపదమునకు అర్థము మొక్కలను నాశనము చేయునది.

ఈ కథను ఇంత దూరమునుండి తెచ్చుటకు కారణము కలదు. ఆ ఐర్లండులోనే, ఆ కరవు ముగిసిన పాతికేండ్లకు, 1874లో జన్మించిన ఎడ్విన్ జాన్ బట్లర్ అను శాస్త్రజ్ఞుడు 1901లో భారతదేశమునకు వచ్చెను. పిమ్మట బీహారులోని పూసాయందు నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధనాసంస్థలో శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, మన దేశమున మొక్కల తెగుళ్ళ శాస్త్రమునకు పునాది వేసినవాడీయనయే. ఆయన దృష్టి నాకర్షించిన గొప్ప సమస్యలలో ఒకటి మన గోదావరి డెల్టాలోని తాటితోపులలో పుట్టినది.

తాటిచెట్టు లేని గోదావరిసీమను ఊహించుకొనుటయే కష్టము. ఇంటికి దూలము, పైకప్పునకు ఆకు, వేసవికి ముంజె, వానకాలమునకు తాటిపండు, చలికాలమునకు తేగ, గీతకార్మికుని కుటుంబమునకు సంవత్సరము పొడుగున కూడు. ఇన్నింటిని ఇచ్చు చెట్టది. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ తోపులలో చెట్లు ఒక వింతవిధముగా చచ్చుచుండెను. చుట్టునున్న ముదురుమట్టలు పచ్చగానే యుండును. దూరమునుండి చూచువారికి చెట్టు బ్రదికియున్నట్లే తోచును. నడుమనున్న మొవ్వు మాత్రము రంగుమారి, వాలి, కుళ్ళి, చేతితో పట్టి లాగినంతనే ఊడి వచ్చును. తాటికి కొమ్మలు లేవు, ప్రక్కచిగురు లేదు. ఆ ఒక్క మొవ్వు పోయినచో చెట్టు పోయినట్లే. మిగిలిన మట్టలొకటొకటిగా రాలి, కొన్నినెలలకు ఆ తోపులో తలలేని మ్రోడులు స్తంభములవలె నిలిచియుండును. కొబ్బరిచెట్టును, పోకచెట్టును సైతము ఈ తెగులు విడిచిపెట్టలేదు.

బట్లరుకు ఎదురైన చిక్కును గమనింపుడు. కుళ్ళిన మొవ్వును చీల్చి చూచిన దుర్గంధముతో కూడిన ముద్ద కనబడును; దానిని సూక్ష్మదర్శిని క్రింద పెట్టినచో లెక్కకు మించిన బాక్టీరియా మసలుచుండును. అవియే దోషులని తీర్మానించుట యెంత సులభము! కాని శవముచుట్టు మూగిన ఈగలు హంతకులు కాజాలవు గదా. ఆయన కుళ్ళును విడిచి, కుళ్ళుయొక్క అంచును వెదకెను. మట్టల అడుగున గుంటపడిన చిన్నమచ్చలు, ఒక మట్టను తొలిచి దాని లోపలి మట్టకు, దానినుండి ఇంకను లోపలికి, మెట్టుమెట్టుగా మొవ్వువైపు సాగుట ఆయన కనుగొనెను. చెడిన కణజాలము చెడని కణజాలమును తాకు ఆ సన్నని సరిహద్దునందే అసలు దోషి పట్టుబడెను. దానికాయన 1907లో ఒక పేరు పెట్టెను. 1919లో దానిని మరల విచారించి, అది ఫైటాఫ్తరా ప్రజాతికి చెందినదేయని నిర్ణయించి ఫైటాఫ్తరా పామివోరా అని నామకరణము చేసెను. ఐర్లండులో దుంపలను కుళ్ళించి తన పూర్వులను ఆకలికి అప్పగించిన జీవియొక్క సగోత్రనే, ఆ దేశపు బిడ్డడు మన గోదావరి తాటిమొవ్వులో గుర్తించెను. తెగులు సోకిన చెట్ల తలలను నరికి, క్రిందికి దింపి, కాల్చివేయవలెనను చికిత్స ఈ గుర్తింపునుండి పుట్టినదే. తేమయున్నచో వానచినుకులతోడను గాలితోడను వ్యాపించు జీవి యని తెలిసిన పిమ్మటనే గదా, దానిని చెట్టుమీదనే విడువరాదని తెలియుట!

ఇట్లు దోషిని నిర్ధారించుటకు శాస్త్రజ్ఞులు ఒక ధర్మశాస్త్రమును ఏర్పరచుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర జర్మనువైద్యుడు రాబర్ట్ కోచ్ పేరిట ప్రసిద్ధికెక్కిన ఆ నియమములు నాలుగు. ఆ జీవి తెగులు సోకిన ప్రతిమొక్కయందును కనబడవలెను. దానిని వేరుచేసి శుద్ధముగా పెంచగలుగవలెను. పెంచినదానిని ఆరోగ్యముగానున్న మొక్కకు సోకించినపుడు అదే తెగులు అవే చిహ్నములతో రావలెను. ఆ మొక్కనుండి తిరిగి ఆ జీవియే బయటపడవలెను. నేరము జరిగినచోట కనబడినంతమాత్రమున ఎవరిని దోషి యనరాదను న్యాయసూత్రమే ఇది. వైరస్సుల విషయమున ఈ పరీక్ష మరికొంత కఠినమగును. ఏలయన వైరస్ జీవకణము వెలుపల పెరుగదు, దానిని గాజుగిన్నెలో పెంచుటకు వీలులేదు. అందువలన అలసంద మొదలైన మొక్కల ఆకులమీద రోగరసమును రుద్ది, అచ్చట ఏర్పడు మచ్చల తీరునుబట్టియు, నేడు ఎలైసా, పీసీఆర్ అను పరీక్షలచేతను దానిని గుర్తింతురు. ఎలైసాయందు, ఒక్కొక్క వైరస్సునకు ప్రత్యేకించి తయారుచేసిన ప్రతిరక్షకములతో ఆకురసమును కలిపినపుడు, తనకు సంబంధించిన వైరస్ అందున్ననే పరీక్షపళ్ళెపు గుంటలోని ద్రవము వన్నెమారును. పీసీఆర్ పరీక్షయో, ఆ జీవియొక్క జన్యులిపిలో ఒక తునకను లక్షలసంఖ్యలో ప్రతులు తీసి కంటి కగపరచును.

ఇక మనకు మిక్కిలి సమీపకాలమున, మన కండ్లయెదుట జరిగిన ఒక వృత్తాంతమును వినుడు. అనంతపురము జిల్లా వర్షాభావమునకు పేరుపడినది. ఆ ఎర్రనేలలలో వానను నమ్ముకొని వేయు వేరుసెనగయే లక్షలాది కుటుంబములకు ఆధారము. 2000వ సంవత్సరపు ఖరీఫ్‌లో వానలు పడినవి, విత్తనము మొలచినది, చేలు పచ్చబడినవి. అంతలో లేతయాకులమీద గోధుమవన్నె మచ్చలు కనబడెను, ఈనెలు మాడెను, మాడు ఆకుకాడలోనికి, కాడనుండి కాండములోనికి దిగెను, మొవ్వు ఎండెను. నెలలోపు వయస్సున్న మొక్కలు చాలవరకు చచ్చిపోయెను. బ్రదికినవి గిడసబారెను, వాని కాయలమీద సైతము నల్లని మచ్చలు పడెను. ఆ ఒక్క కారునందే ఇంచుమించుగా రెండులక్షల ఇరువదియైదువేల హెక్టార్లలో పైరు దెబ్బతినెననియు, నష్టము మూడువందలకోట్ల రూపాయలకు మించెననియు అంచనావేసిరి. అప్పటి ధరలలో మూడువందలకోట్లు! శెనిక్కాయ తప్ప వేరొక పంట యెరుగని మెట్టరైతు ఇంట ఆ యంకెకు అర్థమేమో వివరింపనక్కరలేదు.

ఈ తెగులేది? చూచినవారిలో పలువురు, “మొవ్వుకుళ్ళు” అనిరి. అట్లనుటకు ఆధారము లేకపోలేదు. వేరుసెనగకు మొవ్వుకుళ్ళు వైరస్ తెగులు అంతకు ముందునుండియు ఉన్నది. అందును మొవ్వు ఎండును, మొక్క గిడసబారును. దానిని వ్యాపింపజేయునవి తామరపురుగులను సన్నని పురుగులు. ఐనను శ్రద్ధగా చూచినచో భేదము కనబడును. పాత తెగులులో లేతయాకులమీద వలయములవంటి మచ్చలు ఏర్పడును. మొవ్వు చచ్చిన పిమ్మట ప్రక్కకణుపులనుండి గుబురుగా పిలకలు వచ్చును. ఈ క్రొత్తదానిలో మాడు కాండము వెంట క్రిందికి దిగి మొక్కనే చంపుచుండెను. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులును వారి సహచరులును నమూనాలను ఎలైసాతో పరీక్షించి చూచినపుడు, పాత మొవ్వుకుళ్ళు వైరస్‌యొక్క ప్రతిరక్షకములు పలుకలేదు. టొబాకో స్ట్రీక్ వైరస్ అను వేరొకదాని ప్రతిరక్షకములు పలికెను. వారు దాని జన్యులిపిని చదివి ఆ నిర్ణయమును స్థిరపరచిరి. అంతకు మూడేండ్లముందు, 1997లో, కర్ణాటకమున ప్రొద్దుతిరుగుడు పైరును ఎండగొట్టిన తెగులు వెనుకను ఈ వైరస్సే యున్నట్లు తేలినది. క్రొత్త తెగులునకు కాండంకుళ్ళు వైరస్ తెగులను పేరు నిలిచినది.

పేరు తెలిసినంతమాత్రమున ఒరిగినదేమని ఎవరైనను అడుగవచ్చును. వినుడు. ఈ వైరస్ పుప్పొడిలో ప్రయాణము చేయును. ఎవరి పుప్పొడిలో? పరిశోధకులు చేలగట్లను, బాటప్రక్కలను, బీళ్ళను గాలించి, అచ్చటి కలుపుమొక్కల నెన్నింటినో పరీక్షించిరి. తుదకు వయ్యారిభామ పట్టుబడినది. 1950ల నడుమ పూనా ప్రాంతమున మొదట గుర్తింపబడి, తరువాత దేశమంతట అల్లుకొనిన ఈ పరదేశపు కలుపు, తన దేహమున వైరస్‌ను మోయుచు, ఏ చిహ్నమును పైకి కనబరుపక, నవనవలాడుచుండెను. తొలకరితో మొలచి, నెలనాళ్ళకే తెల్లని పూలతో నిండి, సన్నని పుప్పొడిని విరివిగా రాల్చును. ఆ పూలలో తామరపురుగులు గూడుకట్టుకొనియుండి, దేహములకు పుప్పొడి నంటించుకొని, ప్రక్కచేనిలోని లేత వేరుసెనగమీద వ్రాలును. అవి ఆకును గోకి రసము పీల్చినచోట ఏర్పడిన గాయమున ఆ పుప్పొడిలోని వైరస్ మొక్కలో ప్రవేశించును. వ్యాధిగ్రస్తమైన వయ్యారిభామ పుప్పొడిని ఆరోగ్యముగానున్న మొక్కలమీద చల్లి, వైరస్ లేని తామరపురుగులను వానిపై విడిచి, తెగులు వచ్చుటను చూపి, శాస్త్రజ్ఞులు ఈ మార్గమును నిరూపించిరి.

దీనితో చికిత్స తలక్రిందులైనది. అంతవరకు రైతు చూపు తన చేనిమీదనే యుండెను. చూడవలసినది గట్టు అని ఇప్పుడు తెలిసినది. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయవలెను. ఒక్క రైతు గట్టున గాక, ఊరంతయు కలిసి బాటలప్రక్కను బంజరులందును సైతము పెరుకవలెను. చేనిచుట్టు కొన్నిసాళ్ళు జొన్నగాని సజ్జగాని దట్టముగా వేసినచో, గాలిలో వచ్చు తామరపురుగులకు అది అడ్డుగోడవలె పనిచేయును. వేరుసెనగ ప్రక్కన ప్రొద్దుతిరుగుడు వేయరాదు. విత్తుటకు ముందు విత్తనశుద్ధి చేసినచో తొలిదినములలో లేతమొక్క పురుగునుండి కొంత రక్షణ పొందును. ఈ వైరస్ వేరుసెనగ గింజద్వారా సంక్రమింపదని పరీక్షలలో తేలినందున, రైతు తన విత్తనమును శంకించి పారవేయనక్కరలేదు. ఇన్ని ఉపాయములును ఒక్క సరియైన పేరునుండి పుట్టినవి. మొవ్వుకుళ్ళే యని పాత పేరుతోనే సరిపెట్టుకొనియున్నచో, గట్టున నవ్వుచు నిలిచిన ఆ కలుపును ఎవరు శంకించియుందురు?

కనిపెట్టుటకును గుర్తించుటకును నడుమ కాలము ఈనాడెంతగా తగ్గినదో తెలియుటకు మఱియొక ఉదాహరణము చాలును. గోధుమకు వచ్చు అగ్గితెగులు 1985లో బ్రెజిల్ దేశపు పరానా రాష్ట్రమున మొదట కనబడి, మూడు దశాబ్దములపాటు దక్షిణామెరికా ఖండపు పొలములనే పట్టియుండెను. 2016 ఫిబ్రవరిలో అది హఠాత్తుగా బంగ్లాదేశమున ఎనిమిది జిల్లాలలో, ఇంచుమించుగా పదునైదువేల హెక్టార్లలో బయటపడినది. పాలుపోసుకొనవలసిన కంకులు తెల్లబారి తాలుపోయెను. ఆ దేశపు శాస్త్రజ్ఞుడు తొఫజ్జల్ ఇస్లాం పొలములలోనుండి ఆకులను సేకరించి, ఇంగ్లండులోని సోఫియన్ కమూన్ బృందముతో కలిసి, శిలీంధ్రమును వేరుచేసి పెంచువరకు ఆగక, ఆ రోగపుటాకులలోనుండియే జన్యులిపిని చదివించి, చదివిన దానిని దాచుకొనక లోకమునందలి శాస్త్రజ్ఞులందరియెదుట పెట్టిరి. ఆ వచ్చినది ఆసియాఖండపు వరి అగ్గితెగులు రూపుమార్చుకొనినది కాదనియు, దక్షిణామెరికా గోధుమ తెగులునకే చెందిన వంశమనియు కొలదినెలలలోనే తేలినది. మన పశ్చిమబెంగాలులో సరిహద్దునకు దగ్గరనున్న ముర్షిదాబాదు, నదియా జిల్లాలలో గోధుమసాగును కొంతకాలము నిలిపివేయించి, తెగులునకు దారి మూయుటకు ప్రభుత్వము పూనుకొనినది. ఐర్లండులో పదునారేండ్లు పట్టిన పని ఇచ్చట నెలలలో ముగిసినది. ఐనను మరువరానిదొకటి కలదు: ఆ యంత్రములన్నియు పనికి ఉపక్రమించుటకు ముందు, ఎవరో యొకరు పొలములో నిలిచి, తెల్లబారిన కంకిని చేతబట్టి, ఇది మనకు తెలిసినది కాదని అనవలసియుండెను.

కావున సోదర రైతులారా, వ్యవసాయపాఠములు చదువుకొనుచున్న యువతీయువకులారా, ఆ మొదటి మాట మీది. దానిని సార్థకము చేయు మార్గములను కొన్నింటిని మనవి చేసెదను. వింతమొక్క కనబడినపుడు వెంటనే మందుడబ్బావైపు చేయి చాపకుడు. మొదట చేనంతయు ఒకసారి చుట్టి రండు. తెగులు గట్టుప్రక్కన మొదలై లోపలికి వచ్చుచున్నదా? నీరు నిలుచు పల్లమున గుంపుగానున్నదా? చేనంతట అక్కడొకటి ఇక్కడొకటిగా చెదరియున్నదా? లేక ఒక సాలు పొడుగున, ఒక విత్తనపు సంచి వాడినంతమేర మాత్రమే యున్నదా? గట్టునుండి వచ్చినదానికి గాలియో పురుగో కారణము కావచ్చును. పల్లములో గుంపుకట్టినది నేలనుండి పుట్టినది కావచ్చును. సంచిననుసరించినది విత్తనముతో వచ్చినది కావచ్చును. ఒకే ఎత్తున, ఒకే దినమున, కలుపుమొక్కలతో సహా అన్నియు మాడినచో, అది తెగులు గాక కలుపుమందు తగిలిన గాయమైనను కావచ్చును. తెగులు నేలమీద గీసిన ఈ చిత్రము ఏ సూక్ష్మదర్శినికిని కనబడదు. దానిని చూడగలవారు మీరొక్కరే.

కొన్ని పరీక్షలను మీరింటివద్దనే చేయవచ్చును. టొమాటోగాని వంగగాని ఆకు పచ్చగానుండగనే హఠాత్తుగా వడలి వ్రేలాడినపుడు, మొదలుకడ కాండమును కోసి, ఆ కోతను గాజుగ్లాసులోని తేటనీటిలో మునుగునట్లు కదలక పట్టుకొనుడు. కొన్నినిమిషములలో కోసినచోటునుండి పాలవంటి సన్ననిధార క్రిందికి జారినచో అది బాక్టీరియా తెగులని తెలిసికొనవచ్చును. శిలీంధ్రమువలన కలుగు ఎండుతెగులులో ఆ ధార కనబడదు. ఒక్క గ్లాసెడు నీరు, ఒక్క చాకు, కొంచెము ఓపిక. వీనితో అనవసరమైన మందుల ఖర్చెంతో మిగులును.

వ్యవసాయాధికారికిగాని, కృషి విజ్ఞానకేంద్రమునకుగాని, విశ్వవిద్యాలయపు పరిశోధనాస్థానమునకుగాని నమూనా పంపునపుడు, గోదావరి తాటిమొవ్వు నేర్పిన పాఠమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పూర్తిగా చచ్చి కుళ్ళిన మొక్కను పంపకుడు; అందు దోషి పారిపోయి, ఈగలు మాత్రమే మిగిలియుండును. ఇప్పుడిప్పుడే సోకినది, సగము సోకినది, ముదిరినది, ప్రక్కనే ఆరోగ్యముగానున్నది, ఇట్లు నాలుగు విధములైన మొక్కలను పంపుడు. లాగి వేళ్ళు తెంపక, చుట్టునున్న మట్టితో త్రవ్వి తీయుడు. తడియాకులను ప్లాస్టిక్ సంచిలో బిగించి ఎండలో పెట్టినచో దారిలోనే ఉడికి కుళ్ళును; కాగితములో చుట్టి, నీడలో ఉంచి, ఆలస్యము లేక చేర్పుడు. వెంట ఒక చీటీ వ్రాయుడు: రకమేది, విత్తనమెచ్చటిది, ఎన్నడు విత్తితిరి, మొదట ఎన్నడు చూచితిరి, అంతకుముందు వానలెట్లున్నవి, ఏమేమి మందులు చల్లితిరి, ప్రక్కచేలలో ఏ పైరున్నది, గట్టున ఏ కలుపున్నది. ఈ చీటీ లేని నమూనా, మాటరాని రోగివంటిది. సెల్‌ఫోనుతో తీసిన బొమ్మలను సైతము పంపవచ్చును. బొమ్మ త్వరగా పోవును, కాని వైరస్ బొమ్మలో పోదు, మొక్కలోనే పోవును. కావున రెండును కావలెను.

రైతు ఇట్లు తన వంతు నెరవేర్చునప్పుడు, విని ఆదరించు బాధ్యత ఇతరులమీద నున్నది. “ప్రతియేడు వచ్చునదేలే” యని రైతు మాటను త్రోసిపుచ్చుటకు ముందు ప్రతి అధికారియు ఒకసారి చేనికి పోయి చూడవలెను. జిల్లాకొక్కటియైనను, ఎలైసా, పీసీఆర్ వంటి పరీక్షలు జరుగు ప్రయోగశాల రైతునకు అందుబాటులో నుండవలెను. ఫలితము పంట కోతకు ముందే అతనికి చేరవలెను. విదేశములనుండి విత్తనములు, అంట్లు, దుంపలు తెచ్చువారు క్వారంటైన్ నియమములను చికాకుగా భావింపరాదు. పురుగులు తెగుళ్ళు దిగుమతి కాకుండ 1914లోనే మన దేశమున చట్టము చేసిరనగా, ఆ భయము ఎంత పాతదో తెలియును. పర్యటనకు పోయి సంచిలో దాచి తెచ్చిన ఒక్క మొక్క ముచ్చట, వేయిమంది రైతుల ముద్దను తీయవచ్చును.

గోదావరి తోపులలోని ఆ తలలేని తాటిమ్రోడులను నేను తలచుకొనునప్పుడెల్ల నాకొక ఆలోచన కలుగును. వానిలో ప్రతిచెట్టునకును ఒక గీతకార్మికుడుండెను; దినదినము ఎక్కి దిగుచు, దాని మట్టమట్టను ఎరిగినవాడు. మొవ్వు రంగు మారిననాడు దానిని మొదట చూచినవాడు ఆయనయే. ఆయన పేరు ఏ గ్రంథమునను లేదు. అనంతపురపు ఎర్రనేలమీద ఎండిన మొవ్వును మొదట పెరికి చూచిన రైతు పేరును లేదు. శాస్త్రజ్ఞుల ప్రతినిర్ణయము వెనుకను, అటువంటి పేరులేని చూపొకటి యుండితీరవలెను. రేపు మీ చేనిలో మొవ్వు వాడిన మొదటి మొక్క కనబడినచో, దానిని పెరికి గట్టవతలికి విసరివేయకుడు. కాగితములో చుట్టి, ఒక చీటీ వ్రాసి, చూపవలసినవారికి చూపుడు. ఇది నేనెరిగినది కాదని చెప్పుటకు సంకోచింపకుడు. ఆ మాట ఎంత త్వరగా మీ నోట వెలువడునో, అంత త్వరగా మీ ఊరి చేలకు రక్షణ మొదలగును.